కలివికోడికి పేరిచ్చిన డాక్టరు దొర

పొద్దుగూకింది. ఆలూరు చుట్టుపక్కల పెద్దపెద్ద మానులకు తలకిందులుగా వేలాడిన గబ్బిలాలు ఒక్కొక్కటే రెక్కలు విదిల్చి బయల్దేరే వేళ. మనకు రోజు ముగిసింది... వాటికి అప్పుడే తెల్లారింది! ఇలా చీకట్లో బతికే జీవాలను మనం పట్టించుకునేది తక్కువే. దాదాపు 180 ఏళ్ల కిందట ఓ పట్టాళం డాక్టరు మాత్రం పట్టించుకున్నారు. అందుకే మన సీమలోని ఓ రాత్రి పిట్టకు ఇంగ్లిషులో ఇప్పటికీ ఆయన పేరే!

ఆయనే థామస్ కేవర్‌హిల్ జెర్డన్.

మందులపెట్టెతో వచ్చి...

1811లో ఇంగ్లండులో పుట్టిన జెర్డన్ ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1836లో మద్రాసులో ఓడ దిగారు. సిపాయిల జబ్బులకు మందివ్వడం ఆయన ఉద్యోగం. కానీ బదిలీ మీద ఏ ఊరెళ్లినా అక్కడి పిట్టలు, జంతువులు, చివరికి చీమలు కూడా ఆయన పుస్తకాల్లోకి ఎక్కాల్సిందే.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదులతో పరిచయమైంది. అడవి ఆనుపానులు వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఈ డాక్టరుగారు వాళ్లనడిగి జీవాల పేర్లూ అలవాట్లూ తెలుసుకున్నారు. మన దేశ చిత్రకారులతో రంగుల బొమ్మలు గీయించి, 1847 నాటికి భారతీయ పక్షుల మీద ఓ పుస్తకం పూర్తిచేశారు. ఆ తర్వాత 1862-64లో మూడు సంపుటాల ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’, 1867లో ‘మామల్స్ ఆఫ్ ఇండియా’ వచ్చాయి. ఈ చివరి పుస్తకంలో గబ్బిలాలకూ చోటుంది. విశేషమేంటంటే, పళ్లు తినే పెద్ద గబ్బిలాన్ని తెలుగువాళ్లు ‘సీకురాయి’ అంటారని కూడా అందులో రాసిపెట్టారు!

మాయమైన పిట్ట

కడప కొండల ప్రాంతం నుంచి జెర్డన్ సేకరించిన ఓ పిట్టను 1848లో కలకత్తాలోని జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ లోకానికి పరిచయం చేశారు. రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్లు, పొడవాటి కాళ్లు. ఇంగ్లిషులో ‘జెర్డన్స్ కోర్సర్’. మనవాళ్లకు కలివికోడి... కలివి పొదల మాటున తిరుగుతుంది మరి! ఎగరడం కన్నా పరుగెత్తడమే దీనికి ఇష్టం. పగలంతా పొదల చాటున ఉండి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయల్దేరుతుంది.

1900లో పెన్నా లోయలో కనిపించిందని రాశారు. అంతే! ఆ తర్వాత జాడ లేదు. ఇక అంతరించినట్టే అనుకున్నారు పక్షి ప్రేమికులు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మాత్రం ఆశ వదులుకోలేదు. ఆ సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఓ వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఓ పిట్టను పట్టుకున్నాడు. చూస్తే... కలివికోడి! పట్టుబడిన పిట్ట బతకలేదు కానీ, దాని జాతి బతికే ఉందని 86 ఏళ్ల తర్వాత ప్రపంచానికి తెలిసింది. నెల్లూరులో జెర్డన్‌కు దారి చూపింది యానాదుల ఎరుక. ఇక్కడ ఆయన పిట్టను తిరిగి తెచ్చిందీ ఓ పల్లె మనిషి ఎరుకే.

నీళ్లూ కావాలి, పిట్టా కావాలి

1988లో ఈ పిట్ట బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. దీనికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమూ ఏర్పాటైంది. అయినా కష్టాలు తీరలేదు. కలివికోడికి దట్టమైన అడవి అక్కర్లేదు. మధ్యమధ్య ఖాళీ నేల ఉండే ముళ్లపొదల చిట్టడవి చాలు. మనం ‘ఉత్త బీడు’ అనేది సరిగ్గా దాన్నే! చదును చేయడానికి, తవ్వడానికి ముందుగా గుర్తొచ్చేదీ ఆ నేలే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఉండే చోటికి చొచ్చుకొచ్చిందని బయటపడింది. కరవుసీమకు కాలువ నీళ్లు ప్రాణం. ఆ పిట్టకు ఆ పొదలు ప్రాణం. ఎటు మొగ్గాలి? చివరికి కాలువ దారినే మార్చారు. నీళ్లు ఇంకో దారిన తెచ్చుకోవచ్చు, పిట్ట పోతే మళ్లీ రాదు కదా.

జెర్డన్ 1872లో ఇంగ్లండులో కన్నుమూశారు. ఆయన పేరు మోస్తున్న పిట్ట నేటికీ ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటి. దానికి తెలిసిన ఇల్లు మన తెలుగునేలే. ఈసారి ముళ్లపొదల పక్కగా వెళ్తుంటే ‘ఇక్కడేముంది, బీడే కదా’ అనే ముందు కాస్త ఆగండి. చీకటి పడితే అది ఎవరి ఇల్లో!