మైకు ఆగిన తరువాత

ఆశ్వయుజ మాసంలో పార్లమెంటు సమావేశాలు సాధారణంగా వుండవు. ఆ వెసులుబాటుతో ఈసారి సూరత్ వెళ్లి, పాత నగరానికి తపతి ఆవలి ఒడ్డున వున్న అడాజన్‌లో మా మేనకోడలి ఇంట నాలుగు రోజులున్నాను. వారి కాలనీ ఆవరణలో నవరాత్రి గర్బా. ధ్వనివర్ధకాల హోరులో పక్కవారితో మాట్లాడాలన్నా సైగలే గతి. వేదిక మీద వారు పాడుతున్నారు, కింద వీరు ఆడుతున్నారు. ఆడేవారి పెదవులు మాత్రం కదలడం లేదు.

గర్బా అసలు పద్ధతి ఇది కాదు. చిల్లుల కుండలో దీపం పెట్టి, చుట్టూ చప్పట్లతో తిరుగుతూ ఒకరు చరణం అందిస్తే మిగిలినవారు అందుకోవాలి. మన బతుకమ్మ వద్ద జరిగేదీ అదే గదా! అక్కడ దీపం, ఇక్కడ పూలు. రోజులు కూడా దాదాపు ఒకటే. వరంగల్లులో మా అమ్మ పాట ఎత్తుకుంటే వీధి వీధంతా వంత పాడేది. ఎవరి గొంతు ఎలా వున్నదని ఎవరూ విచారించేవారు కారు. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయినది. ఆ వెనుకనే డీజే పెట్టెలు కూడా దిగినవి.

2023 డిసెంబరులో యునెస్కో గర్బాను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కాని చేర్చినది అడుగులనా, పాటనా? టిక్కెట్టు కొని ఆడే గర్బాలపై 18 శాతం జీఎస్టీ గురించి 2022లో గుజరాత్‌లో పెద్ద రగడ జరిగింది. పాట పోతున్నదని రగడ జరిగినట్లు వినలేదు.

విచిత్రమేమంటే, ఆ రాత్రి పాటను ఆదుకున్నది చట్టం. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 తరువాత ధ్వనివర్ధకాలను నిషేధించాయి. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారాన్ని రాష్ట్రాలకు 2002లో ఇచ్చారు. సుప్రీంకోర్టు 2005లో దానిని సమర్థించింది. నిబంధన ప్రకారం 12 గంటలకు మైకు ఆగింది. వేదిక వారు తీగలు చుట్టుకుంటున్నారు. కుర్రకారు ఐస్‌క్రీం బండి వైపు నడిచారు.

అప్పుడు ఒక వృద్ధురాలు కుండ దగ్గరకు వచ్చి, సన్నగా పాట ఎత్తుకున్నది. నలుగురైదుగురు అందుకున్నారు. అంతసేపూ మౌనంగా ఆడిన మా మేనకోడలు, ఆ గుజరాతీ పల్లవిని ఓరుగల్లు యాసతో అందుకుని వలయంలోకి నడిచింది. దీపాలు ఆర్పవచ్చిన కాపలావాడు స్విచ్చు మీది చెయ్యి తీసివేసి నిలబడ్డాడు.