రాజు లేని వాకిటి కావలి

కొరియా రాజధాని సియోలునందు గ్యోంగ్‌బొక్గుంగ్ అను రాజప్రాసాదము కలదు. 1395లో చోసన్ రాజులు దీనిని కట్టించిరి. 1910లో జపానువారు దేశమును కలుపుకొనుటతో రాచరిక మంతరించెను. అయినను మంగళవారము తప్ప ప్రతిదినమును, ఉదయము 10 గంటలకును పగలు 2 గంటలకును, కోటవాకిట భటులు కావలి మారుచునే యుందురు.

వారు నిజమైన సైనికులు కారు, వేషధారులగు ఉద్యోగులు. కొందరి గడ్డములు సయితము అతికించినవే! కాని వారి నిలుకడ చూచినవారికి నవ్వు రాదు. ద్వారపాలాధిపతియగు సుమున్‌జాంగ్ పదవి 1469లో నేర్పడినది. ఆ మర్యాదలనే వీరు నేడును నడపుచున్నారు. పసుపుపచ్చని అంగీలు తొడిగిన వాద్యకాండ్రు భేరులు మ్రోయించుచు, పొడవైన కాహళములు ఊదుచు, శంఖము పూరించుచు వత్తురు. భారతము చదివిన చెవులకు పరదేశమున నా శంఖధ్వని యెట్లుండునో సోదరీమణులు ఊహింపవచ్చును.

భటుల చెంత నిలిచి ఛాయాపటము తీయించుకొనుట కభ్యంతరము లేదు, వారిని ముట్టరాదు. కోట దక్షిణాభిముఖము గనుక, లోపలి ముంగిట ఉత్తరముగా చూచుచు పటము తీసినచో ఎండ మన వెనుకనుండి పడును. బుగాక్ పర్వతమును పటమున కుదురును. వెడల్పైన నల్లని టోపీల నీడ కన్నులను కప్పివేయును గావున ఉదయపు వేళయే మేలని మేము తెలిసికొంటిమి. హన్‌బోక్ అను దేశీయవస్త్రములు ధరించినవారికి ప్రవేశరుసుము లేదు. అందుచే పడుచులు కుచ్చెళ్ల పావడలతో గుంపులుగా వచ్చి, కదలని భటుని ప్రక్క కిలకిల నవ్వుచు నిలుతురు.

ఈ గ్వాంగ్‌హ్వామున్ వాకిలి పడిన పాట్లు పెక్కు. 1592 నాటి జపాను దండయాత్రలో కోట కాలిపోగా 1867లో మరల లేచినది. జపాను పాలకులు 1926లో కోట ముంగిట తమ కార్యాలయభవనమును నిలిపి, వాకిలిని పెరికి ప్రక్కకు తరలించిరి. దాని కొయ్యకట్టడము 1950 నాటి యుద్ధమున దగ్ధమయ్యెను. నేడు మనము చూచునది 2010లో పూర్తియైన పునర్నిర్మాణము.

ఈ వాకిటనే 1895 అక్టోబరు 8వ తేది వేకువను నిజమైన కావలి యోడినది. లోనికి చొరబడు ఘాతకుల నడ్డగించి భటనాయకుడు హాంగ్ గ్యేహున్ కూలెను, తక్కినవారు చెదరిపోయిరి. జపాను ఘాతకులు అంతఃపురము జొచ్చి రాణి మిన్‌ను వధించి, దేహమును కాల్చివేసిరి. దేశవ్యవహారములందు జపానువారి కెదురు నిలిచినదే యామె చేసిన నేరము. అప్పటి కామెకు 43 ఏండ్లు.

ఆమె భర్తయగు గోజాంగ్ రాజు ఛాయాపటమును 1884లోనే పర్సివల్ లొవెల్ అను అమెరికా దేశీయుడు తీసినాడు. రాణిదని చెప్పు పటములు కొన్ని కలవు గాని, నిశ్చయముగా నామెదే యని అందరు నంగీకరించినది ఒక్కటియు లేదు. వేషధారి భటుని మోము ఎన్ని దేశముల యిండ్లలోనో పటమై యున్నది. వారు కాపాడవలసిన యిల్లాలి మోము మాత్రము ఎవ్వరు నెరుగరు.

ఆమె నివసించిన గొన్‌చాంగ్‌గుంగ్ మందిరము కోట ఉత్తరపు కొసన 2007లో మరల కట్టబడి తెరవబడినది. మేము పోయినపుడు అచట జనము పలుచన, శంఖమును లేదు, భేరియు లేదు. భటుల పటములు తీసికొనిన సోదరీమణులు కొంచెము శ్రమయైనను అంతదూరము నడచి ఆ గదులనుగూడ చూచి రావలెనని మా కోరిక.