పాత సామాను: దాచే ముందు ఒక్క ప్రశ్న

"పాత ఇనప సామాన్లకూ, ప్లాస్టిక్ సామాన్లకూ ఉల్లిపాయలోయ్!" అన్న కేక వినపడగానే పల్లెల్లో పెరటి మూలలన్నీ కదులుతాయి. చిల్లుపడ్డ బిందె, కాలు విరిగిన కుర్చీ, పగిలిన పైపు ముక్క వీధిలోకి వస్తాయి. తూకం వేసి, బదులుగా ఉల్లిపాయలిచ్చి బండి సాగిపోతుంది. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లు ఒకరోజు వస్తే, దువ్వెనకు రాలిన జుట్టు కొనేవాళ్లు మరొకరోజు వస్తారు. బొత్తిగా పనికిరాని వస్తువంటూ పల్లెటూరి ఇంట్లో చాలాకాలం లేదనే చెప్పాలి.

దానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఇంట్లో ఉండేవి మట్టి, నూలు, కర్ర, వెదురు, కొబ్బరిపీచు, ఇనుము, ఇత్తడి. అరిగినవి మట్టిలో కలిసేవి. ఇనుము కమ్మరి కొలిమికి వెళ్లి కొడవలై తిరిగొచ్చేది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చే సరుకు మారింది. ప్లాస్టిక్ డబ్బాలు, మందు సీసాలు, ఎరువుల సంచులు, పాలిస్టర్ చీరలు వచ్చాయి. దాచుకునే అలవాటు మాత్రం పాతదే. ఆ అలవాటు మంచిది, పోగొట్టుకోదగినది కాదు. అయితే దాచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇంతకుముందు ఇందులో ఏముండేది?

బొంత నుంచి పందుల కంచె దాకా

నూలు చీర ఎంత పాతబడితే అంత మెత్తబడుతుంది. నాలుగైదు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత తయారవుతుంది. మెత్తబడిన నూలుబట్ట చెమటను పీల్చుకుంటుంది గనుకనే పసిపిల్లలకు పొత్తిగుడ్డలుగా, ఉయ్యాలగా పాత చీరనే వాడుతూ వచ్చారు. వాడే ముందు వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరవేస్తే చాలు.

పాలిస్టర్ చీరకు ఈ గుణం లేదు. చెమటను పీల్చదు. పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడితే మరీ ప్రమాదం. నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. అయితే దానికీ ఒక పని ఉంది. అడవి పక్కనున్న మెట్ట గ్రామాల్లో వేరుశనగ, మొక్కజొన్న చేల చుట్టూ రైతులు పాత చీరలు కడుతున్నారు. గాలికి ఊగే రంగు గుడ్డనూ, దాని మీది మనిషి వాసననూ చూసి అడవి పందులు బెదురుతాయని వారి నమ్మకం. ఎండకూ వానకూ పాలిస్టర్ తట్టుకుంటుంది. పంట ఇంటికి చేరాక మాత్రం ఆ చీరలు విప్పి తీసేయాలి. చిరిగి చేలో పడితే పశువుల నోట పడతాయి.

కాగితం, కుండ, బూడిద

చదివేసిన దినపత్రికలు, పిల్లల పాత నోటుపుస్తకాలు ఉన్న ఇంట బుట్టలకు కరువుండదు. కాగితాలను చింపి రెండు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బాలి. ఈ ముద్దను వెదురు చాటకో, బుట్టకో మెత్తి ఎండబెడితే సందులు పూడి, పిండి కూడా కారిపోకుండా నిలుస్తుంది. ముక్క విరిగిన చాట కూడా దీంతో మరికొంతకాలం పనిచేస్తుంది.

కాని వేడి బజ్జీలు, మిరపకాయలు దినపత్రికలో పెట్టుకుని తినడం మంచిది కాదు. అచ్చు సిరా నూనెకు కరిగి తిండిలో కలుస్తుంది. ఆహార పదార్థాలను ఇలా పత్రికల్లో చుట్టరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో స్పష్టం చేసింది. విస్తరాకు, అరిటాకు ఉండగా పత్రిక అక్కర్లేదు.

నీళ్లు చల్లబరచని పాత కుండ మొక్కలకు పనికొస్తుంది. అడుగున చిన్న చిల్లు పెట్టి, అందులో గుడ్డ పీలిక గట్టిగా దూర్చి, మామిడి మొక్క పక్కన మెడ వరకు పూడ్చాలి. నీళ్లు నింపి మూత పెడితే తడి నెమ్మదిగా వేళ్లకు చేరుతుంది. వేసవిలో మొక్క వాడిపోదు. నీళ్లూ ఆదా అవుతాయి.

కట్టెల బూడిద ఇప్పటికీ ఉన్న ఇళ్లలో దాన్ని దిబ్బలో పోసేయనక్కర్లేదు. జల్లించి, పూర్తిగా చల్లారాక విత్తనపు కందులు, పెసలలో కలిపి నిలవ చేస్తే పుచ్చు తగ్గుతుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా చిక్కుడు, వంగ మొక్కల మీద చల్లితే పేనుబంక అదుపులో ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు వేసి మండించిన పొయ్యి బూడిద మాత్రం ఏ పనికీ వాడకూడదు. అసలు పొయ్యి రాజేయడానికి కవర్లు, పైపు ముక్కలు వాడటమే మానుకోవాలి. ఆ పొగ వంట చేసే ఇల్లాలి ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

సంచిని దులిపితే చాలదు

ఖాళీ ఎరువుల సంచుల్ని కుట్లు విప్పి, వరసగా పరిచి, దబ్బనంతో కలిపి కుట్టుకుంటే ధాన్యం ఆరబోసుకోవడానికి, వాన వస్తే కప్పడానికి మంచి పట్టా అవుతుంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. అయితే సంచిని దులిపి ఊరుకోకూడదు. యూరియా పలుకులు మూలల్లో మిగిలిపోతాయి. వాటిని పశువు నాకితే కడుపులో అమోనియా పుట్టి గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. సంచిని తిరగేసి రెండు మూడుసార్లు కడగాలి. కడిగిన నీళ్లు కుడితి తొట్టి దగ్గర కాకుండా కొబ్బరి చెట్టు మొదట్లో పోస్తే ఆ ఎరువూ వృథా కాదు.

విత్తనాల సంచుల సంగతి వేరు. గులాబీ, ఎరుపు, నీలం రంగులో కనిపించే విత్తనాలు మందు పట్టించినవి. ఆ రంగు సంచికి అంటే ఉంటుంది. అందులో బియ్యం గాని, పప్పులు గాని, పశువుల దాణా గాని ఎన్నటికీ పోయకూడదు.

మందు డబ్బా మంచినీళ్లకు కాదు

అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైనది పురుగుమందు డబ్బా. చూడటానికి గట్టిగా, మూత బిగువుగా ఉంటుంది. పారేయడానికి చేతులు రావు. కడిగి కిరోసిన్ పోసుకునేవారు, విత్తనాలు దాచుకునేవారు, పొలానికి మంచినీళ్లు తీసుకెళ్లేవారు కూడా ఉన్నారు. ఎంత కడిగినా కొన్ని మందులు ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటాయి. నూనె పోస్తే అవి మళ్లీ బయటికి వస్తాయి.

2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. పురుగుమందు నిలవ ఉంచిన డబ్బాలో నూనె పోశారని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ డబ్బాలో ఇంతకుముందు ఏముండేదని ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే ఆ పిల్లలు ఇళ్లకు తిరిగి వచ్చేవారు.

చేయవలసింది కష్టమేమీ కాదు. మందు అయిపోగానే పొలంలోనే డబ్బాలో నీళ్లు పోసి, మూత పెట్టి బాగా కుదిపి, ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేస్తే మిగిలిన మందూ పంటకే దక్కుతుంది. ఆ తర్వాత డబ్బాకు మేకుతో చిల్లులు పొడవాలి. చిల్లు పడ్డ డబ్బాను మరెవరూ ఇంటికి తీసుకుపోరు. వాడిన డబ్బాలను బయట వదిలేయకూడదనీ, పగలగొట్టి ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలనీ 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. చెరువు గట్టున, కాలవలో, బోరు పక్కన వద్దు.

ఇదే ప్రమాదం తలకిందులుగానూ వస్తుంది. కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్, ఫినాయిల్, పెట్రోలు పోసి గూట్లో పెడితే దాహం వేసిన పిల్లవాడికి అది కూల్‌డ్రింకుగానే కనిపిస్తుంది. తాగే సీసాలో తాగనిది పోయకూడదు.

వాన పడితే దోమల తొట్టి

"ఎప్పటికైనా పనికొస్తుంది" అని పెరట్లో పడేసిన పాత టైరు, కొబ్బరి చిప్ప, పగిలిన కుండ వానాకాలంలో నీళ్లు నింపుకుంటాయి. డెంగీ, చికున్‌గున్యా వ్యాపింపజేసే దోమ ఈ కొద్ది నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రై డే పాటించాలని ఆరోగ్య సిబ్బంది చెబుతున్నారు. దాచదలచిన వస్తువును బోర్లించి, చూరు కింద దాచాలి. టైరును సగానికి కోసి, అడుగున చిల్లులు పెట్టి మట్టి నింపితే ఆకుకూరల మడి అవుతుంది.

దిబ్బలోకి పోకూడనివి

కూరగాయ తొక్కులు, రాలిన ఆకులు, పేడ, పశువులు వదిలేసిన గడ్డి ఒక గుంటలో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు అవుతుంది. ఇందులో పాల కవరు, బ్లేడు, గాజుపెంకు పడకూడదు. దిబ్బలో పడ్డది పొలానికే చేరుతుంది. దమ్ము చేసేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు ఆ బ్లేడు గుచ్చుకునేది కూలీ కాలికే. కుడితిలోకి పోయిన కవరు గేదె కడుపులో నుంచి బయటికి రాదు. పశువుకు ఆపరేషన్ చేసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీసిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

పాల కవర్లను కడిగి ఆరబెట్టి ఒక సంచిలో పోగు చేస్తే పాత సామాన్లవాడు తీసుకుంటాడు. చిప్స్, గుట్కా పొట్లాల కాగితాలను కొనేవారుండరు. వాటిని వేరుగా కట్టి పంచాయతీ చెత్త బండికి ఇవ్వాలి. కాలిపోయిన ట్యూబులైట్లను పగలగొట్టకుండా విడిగా ఇవ్వాలి. వాటిలో పాదరసం ఉంటుంది.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని పెరడు, పశువుల పాక, అటక ఒకసారి చూడండి. పనికొచ్చేవి కడిగి లోపల పెట్టుకోండి. అమ్మదగ్గవి మూట కట్టి ఉంచండి. ఏ మూలనైనా పురుగుమందు డబ్బా కనిపిస్తే దానికి ముందుగా మేకుతో చిల్లు పొడవండి.