నాగపూరు ఆసుపత్రి చేరిన ఆడవారు

మనం నేటికీ పిచ్చాసుపత్రి అనే పిలిచే నాగపూరు మానసిక వైద్యశాల 1864లో వెలసింది. 1858 చట్టం ప్రకారం, మతి తప్పి వీధుల్లో తిరిగేవారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు నిలిపితే, ఆయన హుకుంపై లోపలికి పంపేవారు. మన ఏటపల్లి అడవుల నుండి నాగపూరు ఎంత దూరమో ఎడ్లబండిలో పోయినవారికే ఎరుక. ఇక చూడవచ్చే చుట్టమెవరు?

ఆనాటి వైద్యశాలల్లో ఆడవారిని వేరుగా ఉంచేవారు. విసరడం, వడకడం వంటి పనులూ చికిత్సే అన్నారు. ఇంటి చాకిరీ అక్కడా వదలలేదన్న మాట! జబ్బు నయమైనా, పుట్టింటివారు గాని అత్తింటివారు గాని రాక అక్కడే తల నెరసినవారెందరో.

2017 చట్టం వచ్చాక, ఇంటివారు రాలేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదు. బలవంతాన తల గొరగరాదు, గొలుసు వేయరాదు. పైగా స్త్రీ తెల్లకాగితంపై వేలిముద్ర వేసి, చుట్టం కాకపోయినా తాను నమ్మిన మనిషిని, ఆ మనిషి ఒప్పుకుంటే, తన ప్రతినిధిగా పెట్టుకోవచ్చును.