గడిలో ఇమడని ‘ర్గా’

ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ లైనుకూ, బొమ్మల మీద నొక్కే విండోల తెరకూ మధ్య పోటీ అనగానే అందరికీ మౌసే గుర్తొస్తుంది. తెలుగు లిపికి సంబంధించినంత వరకు అసలు మలుపు తెర వెనకున్న మెమరీలో వచ్చింది.

పాత ఐబీఎం పీసీలో కమాండ్ లైను తెరంటే గళ్ళ కాగితమే: వరుసకు 80 గళ్ళు, 25 వరుసలు. గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరం సంఖ్య, రెండోది దాని రంగు. 4,000 బైట్లతో తెరంతా నిండిపోయేది. అక్షరాల రూపాలు 256 అచ్చులున్న చిప్పులోంచి వచ్చేవి, ప్రెస్సులో కంపోజిటరు పెట్టెలోంచి సీసపు అచ్చులు ఏరుకున్నట్టు.

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బొగ్గు గనుల ఊరు దుర్గాపూర్ పేరు ఇంగ్లీషులో 8 గళ్ళలో ఒద్దికగా కూర్చుంటుంది. తెలుగులో అది 10 యూనికోడ్ సంకేతాలు, కంటికి మాత్రం నాలుగే అక్షరాలు. చిక్కంతా ‘ర్గా’ దగ్గరే. ఫైలులో పలికే వరుసే ఉంటుంది: ర, పొల్లు, గ, దీర్ఘం. తెర మీదికొచ్చేసరికి గ కిందికి దిగి ఒత్తవుతుంది. చివర కొట్టిన దీర్ఘం వెనక్కి నడిచి ర పక్కన చేరుతుంది. పలకడం గాకు, రాయడం రాకు! మరాఠీలోనైతే ర్ పైకెగిరి గా నెత్తిన కొక్కెంలా వాలుతుంది. సంకేతానికో గడి అనే లెక్క రెండు లిపులకూ కుదరదు.

1973 నాటి జిరాక్స్ ఆల్టో ఆ గళ్ళనే చెరిపేసింది. తెర నిండా 606 × 808 చుక్కలు, చుక్కకో బిట్. అంటే దాదాపు 61 వేల బైట్లు, ఆ యంత్రానికున్న 128 కిలోబైట్లలో ఇంచుమించు సగం. ఆ రోజుల్లో అది దుబారాయే. కానీ చుక్కల తెరకు కిటికీ గీయడమూ, ఒత్తు గీయడమూ ఒకటే పని.

తర్వాత 1984లో మెకింటోష్, ఆపై విండోస్. ఈలోగా ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి పుణెలోని సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ సాంకేతికత, పీసీలో అమర్చే కార్డు రూపంలో, డాస్ అనే కమాండ్ లైను వ్యవస్థ తెర మీదే భారతీయ లిపులు చూపింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని వ్యవస్థే చూసుకుంది.

అంతమాత్రాన కమాండ్ లైను ఓడిపోలేదు. వెయ్యి ఫైళ్ళ పేర్లు ఒక్క వాక్యంతో మార్చడంలో మౌస్ దానికి సాటి రాదు. అయినా నేటికీ చాలా టెర్మినళ్ళలో ‘ర్గా’ ముక్కలవుతుంది. విరిగేది తెర మీది బొమ్మే, ఫైలులోని సంకేతాలు కాదు. యూటీఎఫ్-8 ఫైలులో దుర్గాపూర్ 30 బైట్లు. అదే ఫైలును విండోలో తెరిస్తే పేరు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.