లాగర్ బీర్ పులియబెట్టడానికి మినీ ఫ్రిజ్ కావాలా? కొనేముందు ఇవి చూడండి

డల్లాస్‌లో ఉంటున్న మా చిన్నాయన కొడుకు పోయిన వారం ఒక లింక్ పంపాడు. "అన్నా, 50 లీటర్ల మినీ ఫ్రిజ్ ఆఫర్‌లో ఉంది, లాగర్ పులియబెట్టడానికి సరిపోతదా?" అని. వద్దన్నాను. ఎందుకో ఇక్కడ రాస్తే ఇంకొందరికి పనికొస్తుంది. ఎందుకంటే స్పెక్ షీట్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేవి ఈ పనికి పెద్దగా లెక్కలోకి రావు.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం ఇంట్లో బీర్ చేసుకోవడానికి అనుమతిస్తుంది. ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువ ఉంటే 200. అమ్మకూడదు. మన తెలంగాణలో మాత్రం లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడున్నవాళ్లు దీన్ని టెంపరేచర్ కంట్రోల్ పాఠంగా చదవండి, చేయొద్దు.

మా చిట్యాలలో కల్లుకి ఫ్రిజ్ ఎవరూ వాడరు. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి ఎండ వేడికే పులిసి ఘాటెక్కుతుంది. లాగర్ ఈస్ట్ దీనికి పూర్తిగా రివర్స్. దానికి సుమారు 8 నుంచి 13 డిగ్రీల చల్లదనం, ఒకటి రెండు వారాల టైమ్ కావాలి. తర్వాత రెండ్రోజులు 16-18 డిగ్రీలకి రానివ్వాలి, లేకపోతే డయాసిటైల్ మిగిలి బీర్ వెన్న వాసన కొడుతుంది. చివర్లో 0-4 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు నిల్వ. లాగర్ అనే పేరే 'నిల్వ చేయడం' అనే జర్మన్ మాట నుంచి వచ్చింది. ఇంకో ముచ్చట: కార్ల్ ఫాన్ లిండే 1870లలో తన తొలి కూలింగ్ మెషీన్లని నడిపి చూసింది మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలోనే. ఒకరకంగా మన ఇంటి ఫ్రిజ్‌కి తాత లాగరే.

కానీ ఈ మనవడికి 12 డిగ్రీలంటే తెలియదు. కూరలు, పాలు పాడవకుండా ఉంచడానికి చేసిన థర్మోస్టాట్ అది, నాబ్ ఎంత తగ్గించినా ఇంకా చల్లగానే ఉంచుతుంది. అందుకే బయట ఒక కంట్రోలర్ తప్పనిసరి. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 అయితే ప్లగ్ పెట్టి వాడుకోవడమే. ఎస్‌టీసీ-1000 చవక, కానీ వైరింగ్ మనమే చేసుకోవాలి, కరెంటు పని రాకపోతే దాని జోలికి పోవద్దు. సెన్సర్‌ని గాలిలో వేలాడదీయకండి. బకెట్ పక్కకి ఆనించి, పైన ఫోమ్ ముక్క పెట్టి టేప్ వేయండి. పులిసేటప్పుడు ఈస్ట్ సొంతంగా వేడి పుట్టిస్తుంది, ఫ్రిజ్‌లో గాలి కంటే బీర్ వెచ్చగా ఉంటుంది. కంప్రెసర్ డిలే కనీసం 3 నిమిషాలు పెట్టండి. వెంటవెంటనే ఆన్, ఆఫ్ అయితే కంప్రెసర్ పోతుంది.

ఇక ఫ్రిజ్. 'థర్మోఎలక్ట్రిక్' అని కనిపిస్తే పేజీ మూసేయండి. అవి గది వేడి కంటే 15-20 డిగ్రీలే తగ్గించగలవు. ఎండాకాలంలో డల్లాస్ గ్యారేజ్ అయినా, మా చిట్యాల రేకుల షెడ్ అయినా 40 దగ్గర ఉంటుంది, అంటే లోపల 20కి పైనే. కంప్రెసర్ ఉన్నదే తీసుకోవాలి. అందులోనూ లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ 'టీ' ఉందేమో చూడండి, అది 43 డిగ్రీల దాకా పనిచేయడానికి డిజైన్ చేసింది. 'ఎన్' అంటే 32 వరకే.

ఒక చిన్న లెక్క. 20 లీటర్ల ద్రవాన్ని 35 నుంచి 10 డిగ్రీలకి తేవాలంటే దాదాపు 2,100 కిలోజూల్స్ వేడి తీసేయాలి. ఫ్రిజ్ సెకనుకి 50 జూల్స్ తీస్తుందనుకుంటే దాదాపు 12 గంటలు, గోడల నుంచి వచ్చే వేడి అదనం. అందుకే ముందు ఐస్ నీళ్లతో చల్లార్చి తర్వాతే లోపల పెట్టాలి. ఇదే బరువు కరెంటు పోయినప్పుడు మనకి ప్లస్, అంత ద్రవం త్వరగా వేడెక్కదు.

మావాడి లింక్‌లోని ఫ్రిజ్ పోయింది కొలతల దగ్గరే. 5 గ్యాలన్ల బ్యాచ్‌కి పైన నురగకి ఖాళీ కలుపుకుని 25-30 లీటర్ల బకెట్ కావాలి, మూత మీద ఎయిర్‌లాక్ అదనం. 50 లీటర్ల ఫ్రిజ్‌లో వెనక కింద కంప్రెసర్ గూడు, పైన ఫ్రీజర్ డబ్బా, డోర్‌లో సీసాల అరలు పోగా బకెట్ నిలబడే చోటు ఉండదు. ఫ్రీజర్ డబ్బాని వంచేద్దామని కొందరు చూస్తారు. అందులోనే గ్యాస్ పైపులుంటాయి. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. చిల్లు పడితే ఫ్రిజ్ ఒక్కటే కాదు, గ్యారేజ్ కూడా రిస్కే.

అందుకే ఫ్రీజర్ డబ్బా లేని, 4.4 క్యూబిక్ అడుగుల సైజు, అంటే సుమారు 125 లీటర్లది చూడమన్నాను. షాపుకి వెళ్లేటప్పుడు బకెట్ అడుగు సైజులో అట్టముక్క కత్తిరించుకుని, టేప్ కూడా పట్టుకెళ్లమన్నాను. అట్ట లోపల పెట్టి, తలుపు మూసి చూడాలి.