చక్రము ఒరసికొనిన చోటు

సాయంకాలము రామకృష్ణా బీచి రోడ్డున కొంతసేపు నిలిచినచో, నేలను తాకునో తాకదో యనునట్లు పోవు కారు ఒకటైనను కనబడకపోదు. కంపెనీ వారిచ్చిన చక్రములను తీసివేయించి, వెడల్పైన అల్లాయ్ చక్రములు తొడిగించి, పొట్టి స్ప్రింగులతో బండిని క్రిందికి దింపించిన వారి ముచ్చట అది. చూచుటకు సొంపుగనే యుండును. కాని అదే కారులో ఇంటిల్లిపాదియు ఎక్కి సింహాచలము కొండకు బయలుదేరిన నాడు, మలుపు మలుపునకు చక్రము వద్ద గర్రుమని చప్పుడు వినవచ్చును. ఖాళీ బండిలో లేని చప్పుడు నిండు బండిలో ఏల వచ్చినది?

బరువునకు స్ప్రింగులు అణగి, టైరు మడ్గార్డు అంచునకు ఒరసికొనుచున్నది. దీనిని చిన్న విషయముగా ఎంచరాదు. టైరు ప్రక్కగోడ నేలను తాకు భాగము కంటె చాల పలుచన. లోపలి దారములు తెగినచో అచ్చట ప్యాచి వేయుటకు వీలులేదు. ఘాట్ రోడ్డు దిగుచుండగా ముందుటైరు పగిలినచో స్టీరింగు చేతిలో నిలువదు.

మెకానిక్కు వద్దకు పోకముందే మనము చేయదగిన పరీక్ష యొకటి కలదు. టైరు అంచునకును ప్రక్కగోడకును సుద్దతో గీతలు గీసి, ఖాళీ స్థలమున స్టీరింగును రెండువైపుల చివరంట త్రిప్పి మెల్లగా నడపవలెను. పిదప నలుగురిని ఎక్కించుకొని స్పీడు బ్రేకరు దాటవలెను. (ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి లెక్కలో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన వీధులలోని దిబ్బలకు ఆ లెక్క తెలిసినట్లు తోచదు.) సుద్ద వెలుపలి అంచున చెరగినచో చక్రము బయటికి పొడుచుకొని వచ్చినదని గ్రహింపవలెను. లోపలివైపున, షాకబ్సార్బరు దగ్గర చెరగినచో చక్రము లోనికి పోయినది.

ఈ రెండింటికిని మూలము ఆఫ్‌సెట్ అను కొలత. చక్రమును బండికి బిగించు ముఖము, చక్రపు వెడల్పు నడిమిగీతకు ఎంత ఎడమున్నదో అది తెలుపును. రిమ్ముపై ‘ఈటీ’ అను అక్షరముల ప్రక్కన మిల్లీమీటర్లలో వ్రాసియుండును. 6 అంగుళముల వెడల్పును 45 ఆఫ్‌సెట్టును గల చక్రము తీసి, 7 అంగుళములు, 35 ఆఫ్‌సెట్ గలది వేసితిమనుకొందము. వెడల్పు వలన ఇరువైపుల 12.7 మి.మీ. చొప్పున పెరిగెను. ఆఫ్‌సెట్ తగ్గుట వలన మరి 10 మి.మీ. బయటికి జరిగెను. అనగా వెలుపలికి దాదాపు 23, లోపలికి 3 మాత్రమే. ఇక స్ప్రింగు అణగినప్పుడు మడ్గార్డును తాకక ఏమి చేయును?

టైరు ఎత్తును కూడ లెక్కింపవలెను. 185/65 ఆర్15 టైరు వ్యాసము సుమారు 621 మి.మీ. 16 అంగుళముల రిమ్ముపై 195/55 టైరు వేసినను అంతే యగును. 205/60 వేసినచో 31 మి.మీ. పెరుగును.

కావున చక్రమునకు తగినట్లు బండిని కోయుట కాక, బండికి తగిన చక్రమును తెచ్చుట మేలని మా అభిప్రాయము. తగిన ఆఫ్‌సెట్టు, తగిన టైరు, అవసరమైనచో స్ప్రింగుల ఎత్తును మరల పెంచుట: చికిత్స ఈ వరుసలో సాగవలెను. మడ్గార్డు అంచును వేడిచేసి లోనికి మడచు పద్ధతి లేకపోలేదు. అయితే రంగు బీట వారినచో విశాఖ ఉప్పుగాలికి ఆ బీట నుండియే తుప్పు మొదలగును. చక్రము వెనుక స్పేసరు బిళ్ళలు వేయుట లోపలి ఒరపిడికి పనికివచ్చునే కాని, వెలుపలి ఒరపిడిని మరింత హెచ్చించును. స్ప్రింగు చుట్లను రంపముతో కోయించుట మాత్రము ఎన్నడును కూడదు. కోసిన స్ప్రింగు తన గూటిలో సరిగా కూర్చుండదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఇదే చెప్పినది. కావున పని చేయించుటకు ముందే రవాణా శాఖ వారిని అడుగుట మంచిది.

ఎత్తు మార్చిన ప్రతిసారియు అలైన్‌మెంటు చూపింపవలెను. ఇప్పటికే ఒరసిన టైరును విప్పించి ప్రక్కగోడను చేతితో తడిమి చూడుడు. ఉబ్బు గాని, దారము గాని చేతికి తగిలినచో, ఆ టైరును ఆ నాడే మార్పింపవలెను.